కృష్ణబిలం వెలుగును వెనక్కి నడిపించి చూడటం ఎలా

డిగ్రీ కాలేజీలో 31 ఏళ్లు ఫిజిక్స్ చెప్పాను. అన్నేళ్లలో జవాబు చెప్పకుండా తప్పించుకున్న ప్రశ్నలు చాలానే ఉన్నాయి గానీ ఒకటి మాత్రం నన్ను వదలలేదు. బీఎస్సీ ఫైనలియర్ క్లాసు. సిలబస్ అయిపోయింది, ఇంకో పది నిమిషాలు మిగిలింది కదా అని, కృష్ణబిలం నుంచి కూడా సన్నగా వెలుగు వస్తుందనే హాకింగ్ వికిరణం ఎత్తుకున్నాను. బోర్డు మీద ఒక గుండ్రం గీసి, అంచున (అది దాటి లోపలికి పోతే వెలుగు కూడా తిరిగి రాదు, దాన్నే క్షితిజం అంటాం) రెండు చుక్కలు పెట్టి, "జంటగా పుడతాయి, ఒకటి లోపల పడిపోతుంది, ఇంకోటి బయటికొస్తుంది" అని చెప్పి చేతులు దులుపుకున్నాను.

వెనక బెంచీలో ఒకమ్మాయి లేచింది. "మేడమ్, బయటికొచ్చిన ఆ కాంతి అంతకుముందు ఎక్కడుంది?"

"క్షితిజం పక్కనే."

"అంతకుముందు?"

"ఇంకా దగ్గరగా."

"అంతకుముందు?"

బెల్లు కొట్టారు. ఆ రోజు ఆ బెల్లుకి దండం పెట్టుకున్నాను.

రిటైరయ్యాక, మా అబ్బాయి వదిలేసి వెళ్లిన పాత లాప్‌టాప్‌లో ఎక్సెల్ తెరిచి, ఆ లెక్క నేనే చేసుకున్నాను. మీరూ చేసుకోవచ్చు. ఇంటర్ ఎంపీసీ స్థాయి లాగరిథమ్ వస్తే చాలు, ఒక్క చోట మాత్రం బీఎస్సీ లెక్కలు కావాలి. ఒక ఆదివారం మధ్యాహ్నం పడుతుంది. కావలసినవి ఎక్సెల్, ఒక నోటు పుస్తకం, ఒక స్టీలు కంచం, ఒక అగరబత్తి పుల్ల.

ముందు వంటింట్లోకి

కంచాన్ని సింకులో బోర్లించండి. కుళాయిని ధార తెగకుండా, చిందకుండా సన్నగా తిప్పండి. నీళ్లు పడిన చోటు చుట్టూ అద్దంలా పల్చటి గుండ్రం ఒకటి ఏర్పడుతుంది. దాని అంచు దగ్గర నీరు ఒక్కసారిగా లేచి, చిన్న గట్టు కట్టినట్టు మందమవుతుంది. ఇప్పుడు అగరబత్తి పుల్ల కొసను గట్టు బయట ముంచండి. చిన్న అలలు పుల్ల చుట్టూ అన్ని వైపులకూ పోతాయి. అదే పుల్లను గుండ్రం లోపల ముంచండి. అలలు ముందుకు రాలేక, పుల్ల వెనక బాణం మొనలా రెండు గీతలై వెనక్కి కొట్టుకుపోతాయి.

లోపల నీటి వేగం అల వేగం కన్నా ఎక్కువ, బయట తక్కువ. బయట పుట్టిన ఏ అలా ఆ గట్టు దాటి లోపలికి పోలేదు. కృష్ణబిలంలోంచి ఏదీ బయటికి రాలేదంటాం, ఇక్కడ బయటిది లోపలికి పోలేదు. కృష్ణబిలం సినిమాని వెనక్కి తిప్పితే కనిపించే బొమ్మ ఇది, దీన్ని శ్వేతబిలం అంటారు. గట్టు దగ్గర నీరు నునుపుగా మారదు, తెగినట్టు లేస్తుంది కాబట్టి ఈ కంచంతో కొలతలేవీ తీయలేం. కానీ కింద చేయబోయే లెక్కలో ఎక్కడ తికమకపడినా ఒకసారి వెళ్లి ఈ కంచం చూసి రండి. నేను అలాగే చేశాను. మా వారు రెండు రోజులు కుళాయి లీకవుతోందనుకున్నారు.

భౌతిక శాస్త్రవేత్త విలియం ఉన్రూ 1981లో రాసిన పేపర్‌లో చెప్పింది ఇదే రకం మాట: ప్రవహించే ద్రవంలో ధ్వని వేగాన్ని ప్రవాహం దాటే చోటు ఉంటే, అక్కడ ధ్వనికి వర్తించే సమీకరణం, కృష్ణబిలం అంచున కాంతికి వర్తించే సమీకరణం ఒకటే. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. ద్రవం అణువులతో చేసింది. అణువుల మధ్య దూరమంత పొట్టి అలకి మామూలు ధ్వని నియమం చెల్లదని మనకు ముందే తెలుసు. అంతరిక్షానికి కూడా అలాంటి అడుగు ఏదైనా ఉంటే హాకింగ్ లెక్క ఏమవుతుందో ద్రవం మీద వేసి చూసుకోవచ్చు.

ఉష్ణోగ్రత, రెండు నిమిషాల్లో

సూర్యుడంత ద్రవ్యరాశి ఉన్న కృష్ణబిలం తీసుకోండి. మనకు ముందు కావలసింది ఒకే సంఖ్య: గురుత్వ స్థిరాంకాన్ని ద్రవ్యరాశితో గుణించి, కాంతి వేగం ఘనంతో భాగిస్తే 4.925 మైక్రోసెకన్లు వస్తుంది. దాన్ని 4తో గుణిస్తే 19.7 మైక్రోసెకన్లు. ఈ 19.7ని నోటు పుస్తకం అట్ట మీద రాసుకోండి, చివరి దాకా ఇదే కావాలి. దీన్ని తిరగేస్తే సెకనుకు సుమారు 50,800. దీనికి పేరు ఉపరితల గురుత్వం, గుర్తు కప్పా.

హాకింగ్ 1974లో చెప్పిన ఉష్ణోగ్రత: కప్పాని ప్లాంక్ స్థిరాంకంతో (2పై తో భాగించినది) గుణించి, 2పైతోనూ బోల్ట్జ్‌మాన్ స్థిరాంకంతోనూ భాగించాలి. సూర్యుడికి 6.2 × 10⁻⁸ కెల్విన్ వస్తుంది. మనం ఉన్న విశ్వం నేపథ్య ఉష్ణోగ్రతే 2.7 కెల్విన్, కాబట్టి దీన్ని టెలిస్కోప్ పెట్టి చూద్దామనే ఆశ వద్దు.

ఆ ఉష్ణోగ్రతకి కాంతి ఎక్కువగా వెలువడే పౌనఃపున్యం లెక్క కడితే సుమారు 3,600 హెర్ట్జ్. తరంగదైర్ఘ్యం 80 కిలోమీటర్ల పైమాటే. కృష్ణబిలం వ్యాసార్ధమేమో 3 కిలోమీటర్లు. అంటే వెలువడే అల, దాన్ని వెలువరించే వస్తువు కన్నా ఎన్నో రెట్లు పొడవు. అందుకే నేను బోర్డు మీద గీసిన రెండు చుక్కల బొమ్మని ఈ పూటకి చెరిపేయండి. అంచున ఫలానా చోట ఒక కణం పుట్టింది అనే మాటకి ఇక్కడ అర్థం తక్కువ. అల అనుకోండి, లెక్క సాఫీగా సాగుతుంది.

వెనక్కి నడవడం

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్న. 3,600 హెర్ట్జ్‌తో మన దగ్గరికి చేరిన అల, క్షితిజం పక్కనుంచి ఎక్కి వచ్చింది. ఎక్కేటప్పుడు సాగి సాగి పొడుగైంది. వెనక్కి నడిపిస్తే కుంచించుకుపోతుంది. ఎంత? ప్రతి 19.7 మైక్రోసెకన్లు వెనక్కి పోయిన కొద్దీ, కృష్ణబిలంలోకి స్వేచ్ఛగా పడుతున్న మనిషికి కనిపించే పౌనఃపున్యం 2.718 రెట్లవుతుంది. మళ్లీ 19.7కి మళ్లీ 2.718 రెట్లు. చక్రవడ్డీ లాంటిదే.

ఎక్సెల్‌లో ఎ కాలమ్‌లో 0, 1, 2, 3 అని మెట్లు వేయండి. ఒక్కో మెట్టు 19.7 మైక్రోసెకన్లు. బి కాలమ్‌లో పౌనఃపున్యం వేయాలి. నేను మొదట ఏం చేశానంటే, బుద్ధిగా ఎక్స్‌ప్ ఫంక్షన్ వాడి నేరుగా పౌనఃపున్యాన్నే వేసుకుంటూ కిందికి లాగాను. 700 మెట్లు దాటాక గడుల నిండా ఎర్రర్. లాప్‌టాప్ పాతదని దాన్ని తిట్టుకున్నాను. దాని తప్పేం లేదు. 10 ఘాతం 308 దాటిన సంఖ్యని ఎక్సెల్ పట్టుకోలేదు. ఆ గడి 14 మిల్లీసెకన్ల దగ్గర ఉంది. పూర్తిగా ఒక సెకను వెనక్కి పోతే పౌనఃపున్యం 1 పక్కన 22 వేల సున్నాలన్ని రెట్లవుతుంది. కాబట్టి బి కాలమ్‌లో పౌనఃపున్యం వేయకండి, దాని సహజ లాగరిథమ్ (2.718 ఆధారంగా తీసేది) వేయండి. మెట్టుకి 1 చొప్పున పెరుగుతుంది, అంతే.

ఇక గీత ఎక్కడ గీయాలి? ప్లాంక్ పౌనఃపున్యం దగ్గర. సెకనుకు 1.855 × 10⁴³ రేడియన్లు. దానికి సరిపడే పొడవు 1.6 × 10⁻³⁵ మీటర్లు. అక్కడ గురుత్వం, క్వాంటమ్ రెండూ ఒకేసారి లెక్కలోకి రావాలి, రెండిటినీ కలిపి నమ్మకంగా చెప్పే సిద్ధాంతం చేతిలో లేదు. మన అల సెకనుకు సుమారు 2.3 × 10⁴ రేడియన్ల దగ్గర మొదలైంది. రెండిటి నిష్పత్తి లాగరిథమ్ తీస్తే 89.6. అంటే 90వ మెట్టు. 90ని 19.7తో గుణిస్తే 1.8 మిల్లీసెకన్లు.

నాకు ఇక్కడ కాసేపు చెయ్యి ఆడలేదు. రెప్ప వేసే లోపు యాభై సార్లు అయిపోయే సమయం అది. అంత కొంచెం వెనక్కి వెళ్లేసరికే మనకు తెలిసిన భౌతికశాస్త్రం అయిపోయింది. మన దగ్గరికి వచ్చిందేమో మామూలు రేడియో అల. 1.8 మిల్లీసెకన్ల కింద దాని తాత ఎవరో మనకి తెలియదు. హాకింగ్ మొదటి లెక్క ఈ 90వ మెట్టు లేనట్టే, కాంతి నియమం ఎంత పొట్టి అలకైనా ఒకటే అన్నట్టే సాగింది. 1991లో టెడ్ జాకబ్సన్ ఈ గుంటని గట్టిగా పట్టించుకున్నారు. పుణేలోని ఖగోళ పరిశోధన కేంద్రం ఐయూకాలో పనిచేసిన థాను పద్మనాభన్ 1999 నాటి తన పేపర్ శీర్షికలోనే ఘటనా క్షితిజాన్ని ప్లాంక్ పొడవుకి భూతద్దం అన్నారు. 90 మెట్ల షీటు ముందు పెట్టుకుని చూస్తే ఆ మాట ఎంత సరిగ్గా అతికిందో తెలుస్తుంది.

ఒక చిన్న మాట. పౌనఃపున్యాన్ని హెర్ట్జ్‌లో తీసుకున్నారా రేడియన్లలోనా అని పరీక్షలో మార్కులు కోసేదాన్ని. ఇక్కడ 2పై తేడా వచ్చినా రెండు మెట్లు కూడా మారదు. లాగరిథమ్ చాలా క్షమాగుణం ఉన్న మనిషి.

నియమాన్ని కొంచెం వంచడం

అసలు పని ఇది. ప్లాంక్ పొడవు దగ్గర ఏమవుతుందో తెలియదు కాబట్టి, ఏదో ఒకటి అవుతుందని పెట్టి చూస్తాం. మామూలుగా పౌనఃపున్యం, తరంగ సంఖ్య (అల ఎంత పొట్టిదైతే ఇది అంత పెద్దది) సరళరేఖలో పెరుగుతాయి. ఆ రేఖని చివర్లో కొంచెం కిందికి వంచుతాం, అంటే మరీ పొట్టి అలలు కాంతి కన్నా నెమ్మదిగా పోతాయి. ఇలా వంచాలంటే ఏదో ఒక పరిశీలకుడి లెక్కకి పెద్దపీట వేయాలి, ఇక్కడ స్వేచ్ఛగా పడుతున్న వాడికి వేస్తున్నాం. ఐన్‌స్టీన్ గారికి నచ్చే పని కాదు. అయినా లెక్క కోసం ఒప్పుకుందాం.

నిజమైన సంఖ్యలు పెడితే సున్నాలు లెక్కపెట్టుకోవడంతోనే సరిపోతుంది కాబట్టి బొమ్మ సంఖ్యలు తీసుకోండి. కప్పా 1, అల పౌనఃపున్యం 1, ప్లాంక్ హద్దు 1000. క్షితిజం నుంచి అల దూరం, దాని తరంగ సంఖ్య, ఈ రెండిటికీ సంబంధం ఇలా వస్తుంది: దూరం = 1 భాగించు తరంగ సంఖ్య, దానికి కలుపు తరంగ సంఖ్య వర్గం భాగించు 20,00,000. ఎక్సెల్‌లో ఒక్క వరుస ఫార్ములా. మొదటి పదం హాకింగ్‌ది, రెండోది మనం వంచిన వంపు.

ఎ కాలమ్‌లో తరంగ సంఖ్యలు వేయండి: 1, 10, 50, 100, 200, 400, 1000. బి కాలమ్‌లో మొదటి పదం మాత్రమే వేసి చూడండి. 1, 0.1, 0.02, 0.01 అంటూ క్షితిజానికి అతుక్కుపోతుంది, ఎప్పటికీ ఆగదు. ఇప్పుడు సి కాలమ్‌లో రెండు పదాలూ వేయండి. మొదట అలాగే తగ్గుతుంది: 1, 0.10005, 0.02125. తరంగ సంఖ్య 100 దగ్గర 0.015. ఆ తర్వాత 200 దగ్గర 0.025. పెరిగింది! 400 దగ్గర 0.0825, 1000 దగ్గర 0.501.

గ్రాఫ్ వేయండి. వెనక్కి నడిచిన అల క్షితిజం దాకా వెళ్లి అతుక్కుపోలేదు. 0.015 దగ్గర ఆగి, మళ్లీ బయటికి తిరిగిపోయింది. కాలాన్ని మళ్లీ ముందుకి తిప్పి చెబితే: పొట్టి అల ఒకటి బయటే ఉంది. బయటికి ఈదబోతోంది గానీ నెమ్మదైనది కావడంతో ప్రవాహం దాన్ని లోపలికి ఈడ్చుకొచ్చింది. వస్తూ వస్తూ సాగింది. సాగినకొద్దీ దాని వేగం పెరిగింది. క్షితిజానికి కాస్త ఇవతలే ప్రవాహాన్ని గెలిచి, బయటికి తిరిగి, మన దగ్గరికి వచ్చింది. కాలవలో ఎదురీదేవాడు కొట్టుకొచ్చి కొట్టుకొచ్చి, తూము ముందర కాళ్లు నిలదొక్కుకుని మళ్లీ ఎగువకి పోయినట్టు.

ఈ ఫార్ములా తరంగ సంఖ్య 1000కి బాగా తక్కువగా ఉన్నంత సేపే నమ్మదగినది, కాబట్టి చివరి గడిని పట్టుకుని వాదనకి దిగకండి. మలుపు 100 దగ్గరే వచ్చింది, అక్కడ ఫార్ములా బాగానే ఉంది.

100 ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. హద్దు వర్గం 10 లక్షలు, దాన్ని అల పౌనఃపున్యం 1తో గుణించి ఘనమూలం తీస్తే 100. ఇదే సూత్రంలో సూర్యుడి సంఖ్యలు పెట్టండి. మలుపు దగ్గర పౌనఃపున్యం సెకనుకు సుమారు 2 × 10³⁰ రేడియన్లు వస్తుంది. ప్లాంక్ హద్దులో పది లక్షల కోట్లలో ఒక వంతు! శక్తిలో చెబితే దాదాపు 1,300 టెరా ఎలక్ట్రాన్ వోల్టులు. జెనీవా దగ్గరి ఎల్‌హెచ్‌సీలో ప్రోటాన్లు ఢీకొనే 13.6కి వంద రెట్లు. పెద్దదే. కానీ అంత శక్తి ఉన్న కాస్మిక్ కిరణాలు మన వాతావరణం మీద పడుతూనే ఉంటాయి, అదేమీ దేవరహస్యం కాదు. మలుపు దూరం క్షితిజానికి 10⁻²² మీటర్లు. ప్రోటాన్ కన్నా కోటి రెట్లు చిన్న దూరం, అయినా ప్లాంక్ పొడవు కన్నా సుమారు ఆరు లక్షల కోట్ల రెట్లు పెద్దది. మెట్లలో 60, అంటే 1.2 మిల్లీసెకన్లు.

90వ మెట్టు గురించి నేను పడ్డ భయం ఇక్కడ సగం పోయింది. అల అక్కడి దాకా పోకముందే, 60వ మెట్టు దగ్గరే దారి మార్చుకుంది.

మరి ఉష్ణోగ్రత?

దారి మారింది కదా, ఉష్ణోగ్రత కూడా మారాలి అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నాను. ఇక్కడే ఆ బీఎస్సీ లెక్క కావాలి, రాని వాళ్లు ఒక పేరా దాటేయండి.

అలను దూరంలో కాకుండా తరంగ సంఖ్యలో రాస్తే, అది తరంగ సంఖ్యకి ఒక కల్పిత ఘాతంగా వస్తుంది. ఘాతంలో పౌనఃపున్యం భాగించు కప్పా ఉంటుంది. తరంగ సంఖ్య ధనం నుంచి రుణానికి పోయేటప్పుడు మైనస్ ఒకటిని ఆ కల్పిత ఘాతానికి ఎత్తాలి. రెండు వైపుల బలాల నిష్పత్తి వర్గం, ఇ ఘాతం 2పై సార్లు పౌనఃపున్యం భాగించు కప్పా అని తేలుతుంది. అదే బోల్ట్జ్‌మాన్ కారకం, దాన్లోంచే ఉష్ణోగ్రత వస్తుంది. ఇప్పుడు మన వంపు ఏం కలిపింది? తరంగ సంఖ్య ఘనంతో కూడిన ఒక దశ (ఫేజ్). దశ పరిమాణాన్ని మార్చదు, ధనం వైపైనా రుణం వైపైనా దాని పరిమాణం ఒకటే. నిష్పత్తి చెక్కుచెదరదు. నోటు పుస్తకంలో ఇది నాలుగు లైన్లు. నాలుగో లైను రాశాక లేచి వెళ్లి కాఫీ పెట్టుకున్నాను.

క్షితిజం పక్కన ప్రవాహ వేగం సరళరేఖలో మారుతుందనుకున్నప్పటి లెక్క ఇది. ఉన్రూ 1995లో కంప్యూటర్ మీద అలల పొట్లాలు నడిపించి చూసినా ఉష్ణోగ్రత అంతే వచ్చింది. అదే ఏడు బ్రౌట్, మస్సార్, పరెంతానీ, స్పిండెల్ కాగితం మీద చేసినా అంతే. మరుసటి ఏడు కోర్లీ, జాకబ్సన్ మళ్లీ చూశారు. తేడా వస్తే కప్పా, ప్లాంక్ హద్దు దగ్గరికి చేరినప్పుడే రావాలి. సూర్యుడికి ఆ రెండిటి నిష్పత్తి 10⁻³⁹ స్థాయిలో ఉంటుంది.

వంపు రెండో వైపు పెడితే? రెండో పదం ముందు మైనస్ పెట్టండి. తరంగ సంఖ్య 126 దగ్గర దూరం సున్నా, ఆ తర్వాత రుణం. అల క్షితిజం లోపలి నుంచి వచ్చిందన్నమాట! పొట్టి అలలు కాంతి కన్నా వేగంగా పోతాయి కాబట్టి లోపలి నుంచి ఎదురీది రాగలిగాయి. ఉష్ణోగ్రత మాత్రం అదే, దశ గుర్తు మారింది అంతే.

ఈ రెండు వంపులూ ల్యాబుల్లో ఉన్నాయి. నీటి మీద అలలు మొదటి రకం. 2011లో వాంకూవర్‌లో ఒక పొడవాటి నీటి తొట్టిలో వైన్‌ఫుర్ట్‌నర్, ఉన్రూ, వాళ్లతో ఇంకో ముగ్గురు, అడుగున ఒక దిమ్మ పెట్టి, ఎదురుగా పొడుగు అలలు పంపారు. అవి ఆగిపోయి పొట్టి అలలుగా మారాయి, ధన రుణ భాగాల నిష్పత్తి బోల్ట్జ్‌మాన్ లెక్కకి సరిపోయింది. అలల్ని వాళ్లే పంపారు, వాటంతట అవి పుట్టలేదు. రెండో రకం ఇజ్రాయెల్‌లోని హైఫాలో జెఫ్ స్టైన్‌హౌవర్ దగ్గరుంది: రుబీడియం పరమాణువుల్ని పరమ శూన్య ఉష్ణోగ్రతకి బాగా దగ్గరగా చల్లబరిచి ప్రవహింపజేస్తే, అందులో పొట్టి ధ్వని వేగంగా పోతుంది. అక్కడ వాటంతట అవి పుట్టిన జంటల్ని 2016లో, ఉష్ణోగ్రతని 2019లో ప్రచురించారు. ఇవి ద్రవాల గురించిన రుజువులు. అంతరిక్షం ఏ వైపు వంగుతుందో, అసలు వంగుతుందో లేదో ఇవి చెప్పవు.

ఇంకో దారి, ఒక పెద్ద పొరపాటు

వంపు కాకుండా హైజన్‌బర్గ్ అనిశ్చితి సూత్రాన్నే మార్చేవాళ్లున్నారు. ప్లాంక్ పొడవు కన్నా సన్నగా దేన్నీ కొలవలేమని అందులో ఒక పదం కలుపుతారు. 2001లో ఆడ్లర్, చెన్, శాంటియాగో దీన్ని కృష్ణబిలానికి పెట్టారు. వాళ్ల సూత్రం షీటులో పెట్టడం తేలిక. ప్లాంక్ ద్రవ్యరాశిని (2.18 × 10⁻⁸ కిలోలు) మీ కృష్ణబిలం ద్రవ్యరాశితో భాగించి వర్గం చేయండి. దాన్ని యు అందాం. 1లోంచి యు తీసేసి వర్గమూలం, ఆ వర్గమూలాన్ని మళ్లీ 1లోంచి తీసేసి, 2తో గుణించి, యుతో భాగించండి. హాకింగ్ ఉష్ణోగ్రతకి ఎన్ని రెట్లో వస్తుంది.

నేను అలాగే పెట్టి సూర్యుడి ద్రవ్యరాశి వేశాను. జవాబు సున్నా. ఉష్ణోగ్రత లేదు! వికిరణమే లేదు! భూమి ద్రవ్యరాశికీ సున్నా, చివరికి 10 కిలోల కృష్ణబిలానికీ సున్నా. ఒక పూటంతా, క్వాంటమ్ ప్రభావం హాకింగ్ వికిరణాన్ని చంపేసిందని తెగ సంబరపడ్డాను, ఒక పాత కొలీగ్‌కి ఫోన్ కూడా చేశాను. సాయంత్రానికి తెలిసొచ్చింది. 10 కిలోలకే యు 10⁻¹⁷ స్థాయిలో ఉంటుంది. 1లోంచి అంత చిన్నదాన్ని తీసేస్తే ఎక్సెల్‌కి 1 గానే కనిపిస్తుంది, దానికి పదిహేను అంకెల చూపే. 1లోంచి 1 పోతే సున్నా. కొలీగ్‌కి మళ్లీ ఫోన్ చేసి చెప్పాల్సొచ్చింది, ఆయన ఇప్పటికీ ఏడిపిస్తారు.

ఇలా రాయండి: 2 భాగించు (1 కలుపు, (1 తీసివేత యు)కి వర్గమూలం). రెండూ ఒకటే, కింద పైన (1 కలుపు ఆ వర్గమూలం)తో గుణించి చూసుకోండి. ఇందులో దగ్గరదగ్గర సంఖ్యల తీసివేత లేదు. సూర్యుడికి 1. ప్లాంక్ ద్రవ్యరాశికి 10 రెట్లున్న బిలానికి 1.0025. రెండు రెట్లుంటే 1.07. సరిగ్గా ప్లాంక్ ద్రవ్యరాశి దగ్గర 2. ఇంకా తగ్గిస్తే వర్గమూలం లోపల రుణం వచ్చి ఎర్రర్. ఈ ఎర్రర్‌ని వాళ్లు నిజంగానే తీసుకున్నారు: వికిరణం వెలువరిస్తూ బరువు తగ్గిపోతున్న బిలం అక్కడితో ఆవిరవడం ఆపి, 22 మైక్రోగ్రాముల తునకగా మిగిలిపోతుందని. నాకైతే ఫార్ములా చెల్లని చోట గీసిన గీతని నిజమైన వస్తువుగా లెక్కేయడంలో కొంచెం తొందర కనిపిస్తుంది. మొదటి ఎర్రర్ నా చేతకానితనం, రెండోది భౌతికశాస్త్రం అని ఎలా చెప్పగలం?

ఇంకో వరుస కలపండి. కాంతి ఒక్కటే వెలువడుతుందనుకునే పాత ఆయుష్షు సూత్రంతో, చివరి ఒక్క సెకను మిగిలిన కృష్ణబిలం బరువు సుమారు 228 టన్నులు. అక్కడ యు 10⁻²⁶ స్థాయి. అంటే చివరి సెకనులో అడుగు పెట్టినప్పుడు కూడా సవరణ పైసా అంత లేదు. ఏదైనా తేడా కనిపిస్తే ఆ సెకనులో ఆఖరి రవ్వంతలోనే.

ఎర్ర రంగు గడి

షీటు సేవ్ చేసే ముందు మళ్లీ సి కాలమ్‌కి రండి. మలుపు తర్వాత అల బయటికి పోయింది కదా, అక్కడ దాని తరంగ సంఖ్య పెరుగుతూ పోయి చివరికి హద్దు చుట్టుపక్కలే తేలుతుంది. అంతకన్నా పెరగదు, అనంతం పోయింది. కానీ అక్కడ ఆ పొట్టి అల ఏ స్థితిలో ఉంది? లెక్క మొత్తం అది అత్యల్ప శక్తి స్థితిలో, ఖాళీగా ఉందనుకుని సాగింది. 2005లో ఉన్రూ, షుట్జ్‌హోల్డ్ కలిసి ఈ షరతుల్ని విడమరిచి రాశారు: వంపుకి ఆధారమైన పరిశీలకుడు స్వేచ్ఛగా పడుతూ ఉండాలి, పొట్టి అలలు అత్యల్ప స్థితిలో పుట్టాలి, ప్రవాహం వాటికన్నా చాలా నెమ్మదిగా మారాలి. ఏది తప్పినా హాకింగ్ ఉష్ణోగ్రత రావాలని లేదని కూడా చూపించారు.

నేను సి కాలమ్ కింద చివరి గడిని ఎర్ర రంగు చేశాను. అందులో సంఖ్య వేయలేదు. పైన శీర్షిక గడిలో మాత్రం "అంతకుముందు?" అని రాసి పెట్టాను.